ఎలుకలు లేని ఊళ్ళో ఎలుక జ్వరం

శ్రావణ బహుళ పంచమి

నేను కలం పట్టి ముప్పై నాలుగేళ్ళయింది. పదో తరగతి ఆఖరి పరీక్షలో ఆఖరి జవాబు రాసి కింద గీత కొట్టాక మళ్ళీ దానితో పని పడలేదు. మా మంచెపురంలో ఎవరూ రాయరు. గోడకి చెబితే గోడే రాసుకుంటుంది. బియ్యం నిండుకున్నాయని గోడకే చెప్పాలి, నడుం నొప్పి అని గోడకే చెప్పాలి. సముద్రం పైకొచ్చి, ఊరంతా స్తంభాలెక్కి కూర్చున్నాక, మనుషులు ఒకరి మాట ఒకరు వినడం తగ్గింది గానీ గోడలు మాత్రం చక్కగా వింటాయి.

ఈ పొద్దున నేను గోడకి చెప్పిన మాటలివి: "సూరన్న తాత చచ్చిపోయి మూడు రోజులైంది. మా రాజ్యానికి నాలుగు రోజులుగా అదే జ్వరం. నర్సమ్మ గారు చూసి ఎలుక జ్వరం అన్నారు."

గోడ రాసుకుని చదివి వినిపించింది: "సూరన్న గారు విశ్రాంతి తీసుకున్నారు. రాజ్యం గారికి ఒంట్లో కాస్త నలతగా ఉంది. నర్సమ్మ గారు చూసి ఇతర జీవి జ్వరం అన్నారు."

నేను మెల్లగా మాట్లాడే మనిషిని. మెల్లగానే అడిగాను, "ఎలుక అన్నాను నాయనా" అని.

"ఇతర జీవి. సరిచేశాను. మీ సహకారానికి కృతజ్ఞతలు" అంది.

నేనే సహకారమూ చెయ్యలేదు. అయినా కృతజ్ఞతలు పుచ్చుకుని, అటక మీంచి మా అత్తగారి రామకోటి పుస్తకం దించాను. పాపం ఆవిడ సగం రాసి వెళ్ళిపోయారు. మిగతా సగం తెల్లగా ఉంది. కలం భ్రమరాంబ గారిచ్చారు. ఎలుక అని రాశాను. ఎలుక అనే ఉంది. కాగితానికి నన్ను సరిచేసేంత చదువు లేదు.

రాజ్యం నా ఆడపడుచు. మా ఆయన పోయి ఆరేళ్ళు. ఆయన చెల్లెలూ నేనూ ఒకే గదిలో ఉంటాం. తను రేవులో పడవ నడుపుతుంది, నేను వినాయకుడి గుడి ఊడుస్తాను. రేవులో అది పెట్టే కేకలు గుడిలో నాకు వినిపిస్తాయి. అలాంటి మనిషి నిన్నటి నుంచి మూలుగుతోంది, అదీ చిన్నగా. భయం వేసి ఈ పొద్దున భ్రమరాంబ గారిని పిలుచుకొచ్చాను. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. నేల మీద ఊళ్ళున్న రోజుల్లో పెద్దాసుపత్రిలో నర్సు.

ఆవిడ వచ్చీ రాగానే రాజ్యం పిక్క పట్టుకుని నొక్కారు. అది ఇల్లెగిరిపోయేట్టు అరిచింది.

"అమ్మయ్య, గొంతు బాగానే ఉంది" అన్నారు నర్సమ్మ గారు. కనురెప్ప పైకి లాగి చూశారు. "కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పుసి లేదు. ఏమే సత్యవేణీ, సూరన్నకీ ఇలాగే ఉందా?"

"ఇలాగే ఉందండి. తర్వాత పచ్చబడ్డాయి."

"ఎలుక జ్వరం. మేం లెప్టో అనేవాళ్ళం. ఎలుక ఉచ్చ కలిసిన నీళ్ళలో కాలు పెడితే చాలు, మడమకి పగులుంటే అందులోంచి దూరుతుంది. పెన్సిలిన్ పడితే బతుకుతుంది. ఆలస్యమైతే కాలేయం, మూత్రపిండాలు, ఒక్కోటీ దుకాణం కట్టేస్తాయి."

"ఊళ్ళో ఎలుకల్లేవుగా పిన్నీ?" అంది రాజ్యం.

"లేవు. రేవులో బోర్డు నేనూ చూశాను" అన్నారావిడ.

శ్రావణ బహుళ షష్ఠి

రేవులో బోర్డంటే అదే, ఊళ్ళోకి వచ్చే ప్రతి పడవకీ కనిపించేలా దీపాలు పెట్టి రాసింది. ఎలుకలు: 0. తొమ్మిదేళ్ళుగా ఆ సున్నా అలాగే వెలుగుతోంది.

అంతకు ముందు రెండేళ్ళు ఎలుకల్ని పట్టి లెక్క చెప్పే యంత్రాలు, ఇనప పిల్లులు, నిజంగానే పట్టాయి. ఆ రెండేళ్ళలో వేలకి వేలు పట్టాయి. ఆఖరికి ఊళ్ళో ఒక్క ఎలుకే మిగిలింది. అది ఎంతకీ దొరకలేదు. రోజూ పిల్లులన్నీ తిరిగొచ్చి "ఒకటి ఉంది" అని చెప్పేవి. అధికారులకి నిద్ర లేదు. తీరా చూస్తే అది మా గుళ్ళో స్వామివారి పాదాల దగ్గర కూర్చున్న రాతి ఎలుక. పిల్లి కంటికి ఎలుక ఎలుకే కదా. దాంతో రాతి ఎలుక మీద స్టీలు గిన్నె బోర్లించారు. పలకల మీద పిల్లల బొమ్మల్లోనూ పిల్లులు ఎలుకని చూస్తున్నాయని, ఎ అక్షరానికి ఎలుక తీసేసి ఎద్దు పెట్టారు. ఊళ్ళో ఎద్దు కూడా లేదు. అయినా ఎద్దులని లెక్కపెట్టే యంత్రమేదీ లేదు గనక ఇబ్బంది లేదు.

ఈ రోజు రాజ్యాన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వైద్యశాలకి తీసుకెళ్ళాం. అక్కడ డాక్టర్లుండరు, ధన్వంతరి పెట్టె ఉంటుంది. వేలి మీంచి రక్తం చుక్క తీసుకుని కాసేపు ఆలోచించింది.

"మీ జ్వరం పేరు: ఇతరములు. సూచన: విశ్రాంతి, గోరువెచ్చని నీళ్ళు, ఆనందం."

ఆనందం రోజుకి ఎన్నిసార్లో, భోజనానికి ముందో తర్వాతో చెప్పలేదు.

పెట్టె కడుపులో అద్దం వెనక పెన్సిలిన్ సీసాలు వరసగా కనిపిస్తూనే ఉన్నాయి, గర్భగుడిలో దేవుడిలా. దర్శనం చేసుకోవచ్చు, ముట్టుకోకూడదు. జాబితాలో జబ్బు పేరుంటేనే అద్దం తెరుచుకుంటుంది.

"ఎలుక జ్వరం అని పెట్టుకో" అన్నారు భ్రమరాంబ గారు.

"ఈ పురంలో ఎలుకలు లేవు గనక ఆ జబ్బు సాధ్యం కాదు. తొమ్మిదేళ్ళ కిందట దాన్ని జాబితాలోంచి గౌరవపూర్వకంగా తొలగించాం."

ఆవిడ తక్కువ తిన్న మనిషి కాదు. "గొంతు నొప్పి అని చెప్పవే, దానికీ ఇదే మందు" అని రాజ్యం చెవిలో అన్నారు. పెట్టె నోరు తెరవమంది. దీపం వేసి చూసింది. "మీ గొంతు ఎంతో ఆరోగ్యంగా ఉంది, అభినందనలు" అంది.

"ఇన్నేళ్ళలో నా గొంతుని మెచ్చుకున్నది ఇదొక్కటే వదినా" అంది రాజ్యం. నవ్వబోయి కడుపు పట్టుకుంది.

పక్క పురానికి వెళ్దామంటే రెండు రోజుల దారి. ఈ గాలివానల్లో అంత దూరం పడవ తీసుకెళ్ళగల మనిషి ఊళ్ళో ఒక్కతే ఉంది. అది ఆ చక్రాల కుర్చీలో ఉంది.

శ్రావణ బహుళ అష్టమి

రాజ్యం కళ్ళు పచ్చబడ్డాయి. పొద్దుటి నుంచి చెంబులో ఉచ్చ పోయించి కొలిస్తే గరిటెడు ఉంది, కాఫీ డికాక్షన్ రంగు. భ్రమరాంబ గారు ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతేనే నాకు భయం.

నేను స్వచ్ఛతాధికారి దివాకరం గారి దగ్గరికి వెళ్ళాను. మంచి మర్యాదస్తుడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. నన్ను చూడగానే లేవబోయి, లేవకుండా నమస్కారం పెట్టారు. లేవకపోవడానికి కారణముంది. ఆయన కుర్చీ మామూలు కుర్చీ కాదు. అందులో కూర్చుని ఆయన ఏ మాటంటే అది ఆజ్ఞ. మన మాటలు సరిచేసే గోడ కూడా ఆ కుర్చీలోంచి వచ్చిన మాటని ముట్టుకోదు. అందులోంచి లేస్తే ఆయన మాటకీ నా మాటకీ తేడా లేదు.

నేను కూర్చున్నానో లేదో ఆయన టీ గ్లాసు పెదవులకి తాకించి, "అబ్బా, చల్లారిపోయింది" అన్నారు.

"నమోదైంది" అంది కుర్చీ. తర్వాత తెలిసింది, ఆ మధ్యాహ్నం నాలుగు వీధుల్లో పొయ్యిలు ఆగిపోయాయట, ఏదో చల్లార్చమన్నారనుకుని.

"చెప్పండమ్మా."

చెప్పాను. గుడికి వచ్చే వాళ్ళలో పదకొండు మందికి జ్వరమని, ఒకరు పోయారని, మందు అద్దం వెనకే ఉందని.

ఆయన శ్రద్ధగా విన్నారు. వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. "పదకొండు మందీ గుడికి వచ్చేవాళ్ళేనా? చూశారా మరి! గుడికి రానివాళ్ళకెవరికీ లేదు. అంటే ఏమిటమ్మా దాని అర్థం? ఉపవాసాలు. శ్రావణమాసం కదా. నీరసం, కళ్ళెర్రబడటం, కాళ్ళు లాగడం, అన్నీ సరిపోయాయి. ఉపవాస జ్వరం అని కొత్త పేరు పెట్టిద్దాం."

"నమోదైంది" అంది కుర్చీ.

"మా రాజ్యం ఉపవాసముండే మనిషి కాదండి. ఏకాదశి నాడు చేప తింటుంది."

"మరి గుడికెందుకొచ్చింది?"

నేను తీసుకెళ్ళాను గనక వచ్చింది. ఆ మాట ఆయనకి చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. దానికి మోకాళ్ళ నొప్పులు. పదకొండు రోజులు నూట ఎనిమిది ప్రదక్షిణలు చేస్తే తగ్గుతాయని పోరాను. "మోకాళ్ళ నొప్పికి నడక మందేమిటి వదినా, కాలిన చేతికి నిప్పు రాస్తారా?" అని నవ్వింది. నేను రెండు రోజులు మాట్లాడటం మానేశాను. మూడో రోజు చెప్పులు విప్పి నా వెనకే వచ్చింది.

"విధానం చాలా సులువమ్మా" అన్నారు దివాకరం గారు. "ఆ జీవి ఉంటేనే ఆ జీవి జ్వరం. ఒక్కదాన్ని చూపించండి. బతికున్నదై ఉండాలి, ఊరి హద్దుల్లో పట్టినదై ఉండాలి. చూసి నేనే ధ్రువీకరిస్తాను, పెట్టె తెరుచుకుంటుంది. అయితే ఒకటి..." అంటూ గోడ మీద కాగితం వైపు చూపించారు. ఆ జీవికి తిండి పెట్టినా, చోటిచ్చినా మొదటి పడవలో ఊరు దాటిస్తారు. తిరిగి రానివ్వరు. "అలాంటివాళ్ళు మన పురంలో లేరనుకోండి" అని నవ్వారు.

నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో రేపు రాస్తాను. ఈ పూట చెయ్యి ఆడటం లేదు.

శ్రావణ బహుళ నవమి

భ్రమరాంబ గారు పొద్దున వచ్చి ఒక్కటే ప్రశ్న వేశారు. "ఈ పదకొండు మందీ ఒకే చోట తడిసే నీళ్ళు ఎక్కడున్నాయే?"

"ఏమోనండి" అన్నాను. అబద్ధం. ఆ ప్రశ్న సగంలో ఉండగానే నాకు తెలిసిపోయింది.

గుడి మెట్ల దగ్గర కాళ్ళు కడుక్కునే తొట్టి ఉంది. ఎవరైనా అందులో దిగి, పాదాలు ముంచి, ఆ తడితోనే లోపలికొస్తారు. అది రోజూ నింపేది నేను. గుడి కింద అరలో వాననీళ్ళ కుండీ ఉంది. ఆ నీళ్ళే తోడి పోస్తాను. పదకొండేళ్ళుగా ఒక్క రోజు మానలేదు. సూరన్న తాత అందరికంటే ముందు వచ్చేవాడు. పాదాలు ముంచి, "నీ చేతి నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయే తల్లీ" అనేవాడు రోజూ. నాకు ఆ మాటంటే ప్రాణం.

ఇప్పుడు నేను నవ్విన సంగతి.

రాతి ఎలుక మీద గిన్నె బోర్లించిన రోజు నాకు అన్నం దిగలేదు. స్వామివారి వాహనం అది. సాక్షాత్తూ ఆయన పాదాల దగ్గర్నుంచి దాన్ని లేకుండా చేస్తే, నేను చీపురు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. వారం రోజులు లెంపలేసుకున్నాను. ఆ వారంలోనే, కుండీ ఉన్న అరలో, చెక్కల సందున రెండు కళ్ళు మెరిశాయి. పక్కనే ఇంకో రెండు. ఊళ్ళోకెల్లా మిగిలిన జంట. ఇది స్వామి పంపిన జవాబు కాక మరేమిటి? గిన్నె కింద ఉన్న దానికి చేయలేని సేవ వీటికి చేద్దామనుకున్నాను. గుప్పెడు నూకలు పెట్టాను. మర్నాడు ఇంకో గుప్పెడు. చవితికి ఉండ్రాళ్ళు పెట్టాను.

మా గుడి ఇనప పిల్లి అరలోకి వస్తూనే ఉండేది. ఓ రోజు చూద్దును కదా, పిల్లి పడుకునుంటే దాని తోక మీంచి ఎలుక నడిచి వెళ్ళింది. పిల్లి కదల్లేదు. నేను చెంపల మీద కన్నీళ్ళు కారిపోతుంటే "స్వామీ, నీ మహిమ!" అని సాష్టాంగపడ్డాను.

మహిమ కాదని ఇవాళ భ్రమరాంబ గారి మాటల్లో తెలిసింది. పిల్లుల్ని బాగుచేసే అతను ఆవిడకి మేనల్లుడవుతాడు. సున్నా బోర్డు వెలిగించిన ఏడాదే, సున్నా మళ్ళీ చెడిపోకుండా, పిల్లుల కళ్ళకి ఎలుక ఆనకుండా సర్దారట. తొమ్మిదేళ్ళుగా అవి ఊరంతా తిరిగి "లేవు" అని చెబుతున్నాయి. నిజమే చెబుతున్నాయి పాపం, వాటికి కనిపించినంత మేరకి. దివాకరం గారి బుద్ధికి నేను సాష్టాంగపడ్డానన్నమాట.

జంట జంటగా ఉండలేదు. ఇప్పుడెన్నున్నాయో నాకే తెలియదు. అవి ఉండేది కుండీ మీది చెక్కల్లో. చెక్కల మధ్య సందులున్నాయి. కింద నీళ్ళు. ఆ నీళ్ళు తొట్టిలోకి. తొట్టిలో సూరన్న తాత పగిలిన మడమలు. తర్వాత రాజ్యం మడమలు. నా మడమలకి పగుళ్ళు లేవు. రోజూ పసుపు రాసుకుంటాను. భక్తురాల్ని కదా.

ఎంత శుభ్రంగా తోమేదాన్నో ఆ తొట్టిని.

శ్రావణ బహుళ దశమి

రాజ్యం పొద్దున నన్ను గుర్తుపట్టి, వెంటనే గుర్తుపట్టక, మళ్ళీ గుర్తుపట్టింది. "వదినా, పడవ తాడు కట్టారా?" అని మూడుసార్లు అడిగింది. చెంబులో ఏమీ లేదు. భ్రమరాంబ గారు ఈసారి నోరు విప్పారు. "ఇవాళే. రేపటి సంగతి నేను చెప్పలేను."

నేను మూత ఉన్న వెదురు బుట్టలో ఉండ్రం పెట్టుకుని అరలోకి దిగాను. పట్టడానికి కష్టపడ్డానని రాస్తే గొప్పగా ఉంటుంది. కష్టమేమీ లేదు. నా అడుగుల చప్పుడికే వచ్చేస్తాయి. ఒకటి బుట్టలోకి దానంతటదే ఎక్కింది. నన్ను నమ్మి కూర్చుని తింటోంది. మూత పెట్టాను.

"పెన్సిలిన్ పెట్టె దగ్గర ఉంటాను, తొందరగా తెమిలేలా చూడు" అని, బుట్ట చూసి సంగతి గ్రహించిన భ్రమరాంబ గారు రాజ్యాన్ని కుర్చీలో ఎక్కించుకుని అటు వెళ్ళారు. నేను ఇటు వెళ్ళాను.

కార్యాలయం గుమ్మంలో ఇనప పిల్లి బుట్టని వాసన చూసింది. "పూజా సామగ్రి" అని ప్రకటించి దారిచ్చింది.

దివాకరం గారు కుర్చీలోనే ఉన్నారు. బుట్ట ఆయన బల్ల మీద పెట్టి, మూత వేలెడంత తెరిచి చూపించాను. ఆయన చూశారు. ముఖంలో నెత్తురు లేదు. అయినా గొంతు సర్దుకున్నారు.

"ఇది... ఇది చుంచు అయ్యుంటుందమ్మా."

"చుంచుకి మూతి పొడుగ్గా ఉంటుందండి."

"కుందేలు పిల్ల కావచ్చు."

"చెవులు చూడండి బాబూ."

"ఏదైనా ఈ... ఈ జీవి బయటి నుంచి పడవలో వచ్చి ఉంటుంది. హద్దుల్లో పట్టినదని రుజువేమిటి?"

"గుడి కింద పట్టాను."

"గుడి హద్దుల్లోకి రాదేమోనమ్మా, అది దేవుడి జాగా. విధానం ఏమంటుందో కనుక్కుని పున్నమి వెళ్ళాక..."

అప్పుడు గమనించాను. ఇంతసేపు మాట్లాడి ఆయన ఆ ఒక్క మాట నోటితో అనలేదు. మొన్నా అనలేదు. తొమ్మిదేళ్ళుగా అని ఉండరు. ఆ కుర్చీలో కూర్చుని ఆ మాటంటే ఏమవుతుందో ఆయనకంటే ఎవరికి తెలుసు?

"దగ్గరగా చూడండి బాబూ" అని మూత పూర్తిగా తీసేశాను. చెయ్యి వణికి జారిందని రాయొచ్చు. రామకోటి పుస్తకంలో అబద్ధం రాయను.

అది ఒక్క గెంతులో బల్ల మీదికి, బల్ల మీంచి ఆయన చొక్కా చేతి మీదికి, అక్కణ్ణుంచి మెడ మీదికి ఎక్కింది. మర్యాదస్తుడన్నాను కదా. లేవకుండానే అరిచారు.

"ఎలుక! ఎలుక! అమ్మో ఎలుక!"

"నమోదైంది" అంది కుర్చీ. "అధికారి స్వయంగా ధ్రువీకరించారు. ఎలుకలు: మూడు. తీవ్రత: అమ్మో."

ఆ ఎలుక కిటికీలోంచి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఒకసారి నా వైపు చూసింది. నేను దాని కళ్ళలోకి చూడలేకపోయాను.

వైద్యశాలకి పరుగెత్తాను. యాభై ఏళ్ళొచ్చాక పరుగెత్తడం అదే మొదలు. నేను వెళ్ళేసరికి అద్దం తెరుచుకునుంది. భ్రమరాంబ గారు వణికే చేతుల్తోనే వణక్కుండా సూది ఎక్కిస్తున్నారు.

"ఎవరి చేత అనిపించావే?" అన్నారు తల తిప్పకుండా.

"ఆయన చేతేనండి."

"ఎలా?"

"మెల్లగా చెప్పానండి."

శ్రావణ బహుళ త్రయోదశి

ఆరు గంటలకో సూది. మూడో రోజుకి చెంబులో సగం వచ్చింది. ఒక మనిషి ఉచ్చ చూసి ఇంత ఆనందపడతానని నేనెన్నడూ అనుకోలేదు. పెట్టె చెప్పిన ఆనందం ఇదేనేమో. మిగతా పది మందికీ మందు అందింది. సూరన్న తాతకి అందలేదు.

రేవులో బోర్డు మూడు చూపిస్తోందని ఊరంతా వెళ్ళి చూసొచ్చింది. ఇక తప్పక పిల్లులకి చూపు తిరిగిచ్చారు. మూడు రోజులు మాత్రమే. ఎక్కువ రోజులు నిజం చూస్తే అవి పాడైపోతాయట. అర తలుపు నేనే తీసిచ్చాను. లోపలికి వెళ్ళినవి ఎన్నిటితో వచ్చాయో నేను లెక్కపెట్టాను. నలభై ఒకటి. ఒక్కొక్కటీ నా నూకలు తిని పెరిగిందే. పెంచిన చేతులే పట్టించాయి. బుట్టలో పెట్టి అవతలి పురం వైపు వదిలేద్దామా అని ఒక క్షణం అనిపించింది. అక్కడివాళ్ళకి మడమలుండవా?

కుండీ ఖాళీ చేయించాను. తొట్టి బోర్లించాను. పూజారి గారు లబోదిబోమన్నారు, కాళ్ళు కడుక్కోకుండా గుళ్ళోకి ఎలా వస్తారని. "పగుళ్ళున్నవాళ్ళు పొడి కాళ్ళతోనే రండి, మిగతావాళ్ళకి నేను కాచి చల్లార్చిన నీళ్ళు చెంబుతో పోస్తాను" అని గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి మడమలూ చూస్తున్నాను. యాభై ఏళ్ళు ముఖాలు చూశాను, ఇప్పుడు మడమలు. మడమలు తక్కువ దాస్తాయి.

ఈ సాయంత్రం రాజ్యం దిండుకి ఆనుకుని జావ తాగుతుంటే చెప్పాను. మొత్తం. ప్రదక్షిణల దగ్గర్నుంచి నూకల దాకా.

అది జావ గిన్నె పక్కన పెట్టింది.

"రాతి ఎలుక మీద వాళ్ళు గిన్నె బోర్లించారు. బతికున్న వాటికి నువ్వు గిన్నె నింపావు. మధ్యలో నేను మోకాళ్ళ నొప్పితో నూట ఎనిమిది చుట్లు తిరిగాను" అంది.

"తిట్టవే."

"ఓపికొచ్చాక తిడతాను, ఉండు. ఇప్పుడు తిడితే సగమే వస్తుంది." ఆగి, "కొండమ్మకి చెప్పావా?" అంది.

కొండమ్మ గారు సూరన్న తాత భార్య. చెప్పలేదని తల ఊపాను.

"నాకు చెప్పి ఏం లాభం వదినా? నేను బతికానుగా."

భాద్రపద శుద్ధ చవితి

ఈ నాలుగు రోజుల్లో పదకొండు ఇళ్ళకీ వెళ్ళి నా నోటితో నేను చెప్పాను. కొందరు తలుపు వేసేశారు. కొందరు కూర్చోమన్నారు. తలుపు వేసినవాళ్ళే నయమనిపించింది.

కొండమ్మ గారు చెప్పినంతసేపూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనే ఉన్నారు. నేను ఆగాక కూడా తీశారు. ఆఖరికి, "ఆయన చెప్పులు మీ గుడి మెట్ల దగ్గరే ఉండిపోయాయి. తెచ్చిపెట్టు" అన్నారు. అంతే. తెచ్చి పెట్టాను. గుమ్మం లోపలికి తీసుకున్నారు, నన్ను కాదు, చెప్పుల్ని.

కార్యాలయానికీ వెళ్ళాను. దివాకరం గారి ముందు నిలబడి, మెల్లగా మాట్లాడితే వినబడలేదంటారేమోనని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గట్టిగా అన్నాను. "ఎలుకల్ని పెంచింది నేనే. తిండి పెట్టింది నేనే. సూరన్న తాత పోయింది నా వల్లే. ఊరు దాటించండి."

ఆయన కుర్చీలో ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నారు. నోరు తెరవడమంటే ఆయనకిప్పుడు భయం. గోడ మాత్రం రాసుకుని చదివింది:

"ఇతర జీవుల్ని పట్టింది నేనే. జాడ కనిపెట్టింది నేనే. సూరన్న గారి విశ్రాంతికి నా నివాళి. ఊరిని దీవించండి."

మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే చదివింది. మూడోసారి చెబితే చివర కృతజ్ఞతలు చేర్చింది.

ఆ వాంగ్మూలం మీదే ఈ ఉదయం నాకు సన్మానం చేశారు. పడవలో దొంగతనంగా వచ్చిన ఒకే ఒక్క ఇతర జీవిని ప్రాణాలకి తెగించి పట్టిన మహిళ అని శాలువా కప్పారు. ఒకే ఒక్క అన్నప్పుడు దివాకరం గారు కుర్చీలో లేరు, నిలబడి చదివారు. జాగ్రత్త నేర్చుకున్నారు. పిల్లుల చూపు గడువు తీరిపోయింది. బోర్డు మీద మళ్ళీ సున్నా. ఒకటి కిటికీలోంచి వెళ్ళిందని నాకూ ఆయనకీ తెలుసు. ఒకటి ఉన్నచోట ఎన్నుంటాయో నాకు బాగా తెలుసు. కాబట్టి నీళ్ళు కాస్తూనే ఉంటాను, మడమలు చూస్తూనే ఉంటాను. అంతకు మించిన పూజ ఇక నాకు తెలియదు. చవితి కదా, స్వామికి ఉండ్రాళ్ళు పెట్టాను. లెక్కగా చేశాను, ఒక్కటి కూడా మిగల్లేదు.

శాలువా రాజ్యానికి కప్పాను. దానికింకా చలిగానే ఉంటోంది. "ఇదేదో నన్ను చంపబోయినందుకు ఇచ్చినట్టుందే" అంది. సగం తిట్టు వచ్చినట్టే. వచ్చే వారం రేవుకి వెళ్తానంటోంది.

రాజ్యం, ఈ పుస్తకం నీకిస్తున్నాను. ముందు సగంలో మీ అమ్మ రాసిన రామనామముంది, వెనక సగంలో నేను చేసిన పనుంది. పైన చూసి రామకోటి అనుకుని అందరూ కళ్ళకద్దుకుంటారు, తెరవరు. నీ పడవ పెట్టెలో తాళ్ళ అడుగున పెట్టు. మళ్ళీ ఎప్పుడైనా ఎవరికైనా కళ్ళెర్రబడి, పిక్కలు లాగి, పెట్టె ఇతరములు అంటే, నువ్వు చదువుకుని ఏం చెయ్యాలో చెప్పు. పుస్తకం మాత్రం బయటికి తియ్యకు. కార్యాలయానికి అసలే వద్దు.

చూపిస్తే సరిచేస్తారు.